జీవపరిణామం, సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారిలో అల్గారిథంలతో రోజూ పని పడేవారికి కొదవ లేదు. అయితే వారిలో చాలామంది పదో తరగతి కాగానే ఎంపీసీలో చేరి, జీవశాస్త్రానికి అక్కడితో సెలవు చెప్పినవారే. బైపీసీ దారిలో వచ్చి ఇక్కడి పరిశోధనా సంస్థలలో చదువుతున్న విద్యార్థులేమో గణిత నిరూపణ అనగానే కొంత వెనకాడతారు. ఈ ఇరువురూ ఒకచోట కూర్చున్నప్పుడు పదేపదే వచ్చే ప్రశ్నలకు, ఒకరికి తెలిసింది మరొకరికి తెలిసి ఉండదన్న ఎరుకతో, ఇక్కడ సమాధానాలు రాశాను.

జీవపరిణామంతో కంప్యూటర్ శాస్త్రానికి ఏం పని?

డార్విన్ 1859లో వివరించిన ప్రకృతి వరణం అనే యంత్రాంగంలో మూడు అంశాలున్నాయి: సంతానంలో తేడాలు పుట్టడం, ఆ తేడాలు తరువాతి తరానికి అందడం, వాటిలో కొన్ని బతుకుకు మరింత అనుకూలించడం. ఈ యంత్రాంగం పనిచేస్తుందనడానికి శిలాజాలు, జన్యుక్రమాలు, ప్రయోగశాలలు కావలసినంత సాక్ష్యం చూపుతున్నాయి. కానీ ఎంత సంక్లిష్టత ఎన్ని తరాలలో, ఎంత జనాభాతో సాధ్యమవుతుందో ఆ మూడు అంశాలలో ఎక్కడా లేదు. ఒక పద్ధతి ఎప్పటికైనా ఫలితమిస్తుందా అని అడగడం వేరు, మన చేతిలో ఉన్న కాలంలో ఇస్తుందా అని అడగడం వేరు. ఈ రెండో ప్రశ్నను పట్టుకుని, దానికి నిరూపణతో కూడిన సమాధానాలు వెతకడమే సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రం అరవై ఏళ్లుగా చేస్తున్న పని. ప్రకృతి వరణాన్ని కూడా పరిమిత వనరులతో నడిచే ఒక పద్ధతిగా చూస్తే, దాని శక్తికీ హద్దులు గీయవచ్చు. ఆ హద్దులే ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన భాగమని నా అభిప్రాయం.

ఇది బయోఇన్ఫర్మాటిక్సేనా? లేక జెనెటిక్ అల్గారిథంలా?

రెండూ కావు. జన్యుక్రమాలను పోల్చి, భద్రపరిచి, వాటి నుంచి సమాచారం రాబట్టడం బయోఇన్ఫర్మాటిక్స్. అందులో కంప్యూటర్ ఒక పనిముట్టు. జాన్ హాలండ్ 1975 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన జెనెటిక్ అల్గారిథంలు ప్రకృతి నుంచి ఒక ఊహను అరువు తెచ్చుకుని ఇంజనీరింగ్ సమస్యలకు వాడుకుంటాయి. మనం మాట్లాడుకుంటున్నది దీనికి ఎదురు దిశలో సాగుతుంది: అల్గారిథంల గురించి నిరూపితమైన విషయాలను ప్రకృతికి వర్తింపజేసి చూస్తుంది.

కోట్ల సంవత్సరాల కాలం ఉంది కదా, అంత వ్యవధిలో ఏదైనా జరగవచ్చు కదా?

ఇది చాలామంది చెప్పే జవాబు, నిజానికి జవాబే కాదు. లెక్క వేసి చూద్దాం. భూమి మీద ఏ సమయంలోనైనా ఉండే బాక్టీరియా తరహా ఏకకణ జీవులు సుమారు 5 × 10^30 అని, అంటే 5 పక్కన 30 సున్నాలని, 1998లో ఒక అంచనా వెలువడింది. జీవం వయసు 350 కోట్ల సంవత్సరాలనీ, ప్రతి కణమూ గంటకోసారి విభజన చెందుతుందనీ ఉదారంగా అనుకుందాం. అప్పుడు సుమారు 30 లక్షల కోట్ల తరాలు గడిచి ఉంటాయి. రెండింటినీ గుణిస్తే, భూచరిత్ర మొత్తంలో పుట్టిన కణాల సంఖ్య 10^44 దరిదాపుల్లో తేలుతుంది.

ఇప్పుడు ప్రొటీన్ల వైపు చూడండి. ప్రొటీన్ అంటే 20 రకాల అమైనో ఆమ్లాల గొలుసు. 34 అమైనో ఆమ్లాల పొడవున్న గొలుసులను ఎన్ని రకాలుగా కూర్చవచ్చో లెక్కిస్తే, 20ని 34 సార్లు గుణించగా వచ్చే సంఖ్య కూడా 10^44 దాటుతుంది. పుట్టిన ప్రతి కణమూ ఒక కొత్త గొలుసును పరీక్షించిందనుకున్నా, జీవచరిత్ర అంతా కలిపి 34 వద్దే ఆగిపోతుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఒక్క బీటా గొలుసు పొడవే 146. సమస్య పరిమాణంతో పాటు అవసరమైన కాలం ఘాతాంక రీతిలో, అంటే ఒక్కో అడుగుకూ రెట్లకు రెట్లుగా, పెరిగేటట్లయితే, కోట్ల సంవత్సరాలు ఏ మూలకూ చాలవు.

అంటే పరిణామం అసాధ్యమని కంప్యూటర్ శాస్త్రం నిరూపించినట్టా?

కాదు. పై లెక్కను అంతవరకే వినిపించి, అక్కడే ఆపేసే ప్రసంగాలు మన ఊళ్లలోనూ వినిపిస్తుంటాయి కనుక దీన్ని స్పష్టంగా చెప్పాలి. ఆ లెక్క గుడ్డిగా వెతకడానికి మాత్రమే వర్తిస్తుంది. ప్రకృతి వరణం గుడ్డిగా వెతకదు; దొరికిన మేలును నిలుపుకుని, దాని మీద నుంచి ముందుకు సాగుతుంది.

పరిణామ అల్గారిథంల సిద్ధాంతంలో దీనికి చాలా సరళమైన నమూనా ఒకటి ఉంది. 0, 1 అంకెలతో 100 స్థానాల వరుస ఒకటి తీసుకోండి. అన్ని స్థానాలలోనూ 1 రావడం లక్ష్యం. ప్రతి అడుగులోనూ ఒక్కొక్క స్థానాన్ని నూటికి ఒక వంతు సంభావ్యతతో మార్చి చూడాలి. ఫలితం మునుపటి కన్నా తీసిపోకపోతే కొత్తదాన్ని ఉంచుకోవాలి. యాదృచ్ఛికంగా ఊహిస్తే దీనికి సగటున 10^30 ప్రయత్నాలు పడతాయి. ఈ పద్ధతిలో సగటున వెయ్యి, పన్నెండు వందల ప్రయత్నాలు చాలు. ప్రతి స్థానం విడిగా, స్వతంత్రంగా మేలు చేయడం వల్లనే ఇంత తేడా వచ్చింది. నిజమైన జన్యువులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అందువల్ల అసలు ప్రశ్న ఇలా మారుతుంది: ఏ రకమైన ముడులు ఉన్నప్పుడు వరణం త్వరగా దారి కనుక్కుంటుంది, ఏ రకమైన ముడుల వద్ద చిక్కుకుపోతుంది?

లెస్లీ వాలియంట్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఏమిటి?

ఈ రంగానికి ఒక రూపం ఇచ్చినవారిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలియంట్ ముఖ్యుడు. ఉదాహరణల నుంచి నేర్చుకోవడం అంటే ఏమిటో 1984లోనే గణితపరంగా నిర్వచించి, 2010 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం అందుకున్న ఆయన, 2009లో జర్నల్ ఆఫ్ ది ఏసీఎంలో ప్రచురించిన వ్యాసంలో పరిణామాన్ని కూడా ఒక రకమైన అభ్యసనంగా చూశాడు. ఆయన నమూనాలో జీవి ఒక ప్రమేయం: పరిసరాల నుంచి అందే సంకేతాలు లోపలికి వెళ్తాయి, ఒక చర్య బయటికి వస్తుంది. ప్రతి పరిస్థితిలోనూ చేయవలసిన ఉత్తమ చర్యను తెలిపే ఆదర్శ ప్రమేయం ఒకటి ఉంటుంది, కానీ అది జీవికి తెలియదు. ప్రతి తరంలో పరిమిత సంఖ్యలో మ్యుటేషన్లు (జన్యువులో మార్పులు) పుడతాయి. పరిమిత సంఖ్యలో అనుభవాల మీద వాటి పనితీరు తేలుతుంది. మెరుగైనది నిలుస్తుంది, మెరుగైనది లేకపోతే తటస్థమైనది నిలుస్తుంది. తరాలు, జనాభా, అనుభవాలు అన్నీ సమస్య పరిమాణానికి బహుపది స్థాయిలోనే (అంటే దాని వర్గం, ఘనం లాంటి ఘాతాలను మించకుండా) ఉండి, ఆదర్శానికి దగ్గరగా చేరగలిగితే ఆ రకం ప్రమేయాలు పరిణామానికి లొంగుతాయన్నమాట.

విటాలీ ఫెల్డ్‌మన్ 2008లో దీని శక్తి సరిగ్గా ఎంతో తేల్చాడు. విడివిడి ఉదాహరణలను చూడనివ్వకుండా, తాను ప్రతిపాదించిన జవాబుకు మొత్తంగా ఎన్ని మార్కులు వచ్చాయో మాత్రమే తెలుసుకోగల విద్యార్థి ఏమేమి నేర్చుకోగలడో, పరిణామం కూడా సరిగ్గా అంతే సాధించగలదు. ఏ ప్రశ్నకు ఎందుకు మార్కులు తగ్గాయో ఆ విద్యార్థికి తెలియదు. చావు కూడా జన్యువుకు కారణం చెప్పదు కదా.

పరిణామానికి లొంగనిది ఏదైనా ఒక ఉదాహరణ చెప్పగలరా?

ఒక బాక్టీరియాకు ఎ, బి, సి అనే మూడు రసాయనాలను పసిగట్టే శక్తి ఉందనుకుందాం. ఉన్నా లేకపోయినా కలిపి మొత్తం ఎనిమిది పరిస్థితులు. అన్నీ సమాన సంభావ్యత గలవి. మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఒక ఎంజైమును తయారుచేయడం దానికి మేలు అనుకోండి. ఎప్పుడూ తయారుచేయని బాక్టీరియా ఎనిమిదింట ఒక్క పరిస్థితిలోనే సరిగ్గా ప్రవర్తిస్తుంది. ఎ ఉంటే తయారుచేసేది ఐదింట సరి. ఎ గానీ బి గానీ ఉంటే తయారుచేసేది ఏడింట సరి. మూడింటినీ గమనించేది ఎనిమిదింటా సరి. 1, 5, 7, 8 అని మార్కులు మెట్లెక్కుతున్నాయి కనుక వరణానికి దారి దొరుకుతుంది.

ఇప్పుడు నియమం మార్చండి: ఉన్న రసాయనాల సంఖ్య బేసి అయితేనే ఎంజైము మేలు చేస్తుంది. ఎప్పుడూ తయారుచేయనిది నాలుగింట సరి. ఎ ఒక్కదాన్నే చూసేది కూడా నాలుగింటే సరి. ఎ, బిలలో సరిగ్గా ఒకటి ఉన్నప్పుడు తయారుచేసేదానికీ నాలుగే, ఎందుకంటే అది గమనించని సి సగం సార్లు వచ్చి జవాబును తారుమారు చేస్తుంది. మూడింటినీ పట్టుకున్న మరుక్షణం ఎనిమిది. అంటే 4, 4, 4, 8. మూడు రసాయనాలైతే తడుముకుంటూ చేరవచ్చు. యాభై రసాయనాలలో సంబంధమున్నవి ఏవో తెలియనప్పుడు 1,126 లక్షల కోట్ల ప్రమేయాలలో ఒక్కటే సరైనది, మిగతావన్నీ ఒకే మార్కులతో కూర్చుంటాయి. సమీకరణాలు సాధించడం వచ్చిన విద్యార్థికి ఇదే సమస్యను ఉదాహరణలతో సహా ఇస్తే సులభంగా పరిష్కరిస్తాడు. కాబట్టి కష్టం సమస్యలో లేదు, వరణానికి అందే సమాచారం పలచగా ఉండడంలో ఉంది.

ఫిట్‌నెస్ కొండలు, శిఖరాలు అంటారు. వాటి మాటేమిటి?

జన్యురూపాలను నేల మీది స్థానాలుగా, వాటి ఫిట్‌నెస్‌ను (బతికి సంతానాన్ని మిగల్చగల సామర్థ్యాన్ని) ఎత్తుగా ఊహించుకునే పద్ధతిని సీవల్ రైట్ 1932లో ప్రవేశపెట్టాడు. తెల్లవారుజామున బెంగళూరు దగ్గరి నంది కొండ మీద దట్టమైన మంచులో, కాలికింద నేల వాలును బట్టి మాత్రమే పైకి నడుస్తున్న మనిషిని ఊహించుకుంటే వరణం పరిస్థితి అర్థమవుతుంది. అతడు ఒక చిన్న గుట్ట మీద చిక్కుకుని, పెద్ద శిఖరాన్ని చేరలేకపోవచ్చునన్నది పాత ఆందోళన. అంటే జీవశాస్త్రజ్ఞులు చాలాకాలం ఒక విషయాన్ని చర్చ లేకుండా ఒప్పుకున్నారు: పెద్ద శిఖరం కాకపోయినా దగ్గరి గుట్ట పైకైనా జనాభా త్వరగానే చేరుతుందని.

ఆర్టెమ్ కాజ్నాచీవ్ 2019లో జెనెటిక్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఆ నమ్మకాన్నే ప్రశ్నించింది. ప్రతి జన్యువు ప్రభావం మరో రెండు జన్యువుల మీద ఆధారపడినా చాలు, దగ్గరి గుట్టను చేరడం కూడా అసాధ్యమైనంత ఆలస్యమయ్యే నేలలు ఉంటాయి. ఎటు అడుగేసినా పైకే, కానీ దారి మెలికలు తిరుగుతూ ఘాతాంక రీతిలో పొడవవుతుంది. 1988లో జాన్సన్, పపడిమిట్రియు, యానకాకిస్ నిర్వచించిన పీఎల్ఎస్ అనే సమస్యల తరగతిని (చుట్టుపక్కల తనకన్నా మెరుగైనది లేని జవాబును వెతికే సమస్యలు) ఇక్కడ ఆధారంగా తీసుకున్నారు. ఆ తరగతి సమస్యలన్నింటికీ వేగవంతమైన పద్ధతి ఉంటే తప్ప, వరణం ఏ రూపంలో పనిచేసినా అలాంటి నేలల మీద శిఖరం అందదు. అలాంటి వేగవంతమైన పద్ధతి ఉందని నమ్మే కంప్యూటర్ శాస్త్రజ్ఞులు తక్కువ. మరో విశేషమేమిటంటే, కొన్ని నేలల మీద ఒకే ఒక్క శిఖరం ఉండి, అడ్డుగా ఏ గుట్టా లేకపోయినా, ప్రతిసారీ అన్నిటికన్నా మెరుగైన మ్యుటేషన్‌నే ఎంచుకుంటూ పోతే దారి అంతులేకుండా సాగవచ్చు. లీనియర్ ప్రోగ్రామింగ్ చదివినవారికి ఇది సింప్లెక్స్ పద్ధతిని నత్తనడక నడిపించే ఉదాహరణలను గుర్తుకు తెస్తుంది.

దీనికి ప్రయోగశాలలో ఏమైనా ఆధారం ఉందా?

నేరుగా నిరూపణ అనలేం కానీ, చక్కగా పొసిగే ఫలితాలు ఉన్నాయి. రిచర్డ్ లెన్స్కీ అమెరికాలోని కాలిఫోర్నియాలో 1988 ఫిబ్రవరి 24న ఈ. కోలై బాక్టీరియాను 12 ఫ్లాస్కులలో పెంచడం ప్రారంభించాడు. ప్రతిరోజూ ఒక శాతం ద్రవాన్ని కొత్త ఫ్లాస్కులోకి మారుస్తారు. దాంతో రోజుకు ఆరేడు తరాలు గడుస్తాయి. ఆహారం మారదు, ఉష్ణోగ్రత మారదు. అలాంటి స్థిరమైన పరిస్థితిలో ఫిట్‌నెస్ కొంతకాలానికి గరిష్ఠానికి చేరి ఆగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. 50,000 తరాల తరువాత, 2013లో ప్రచురించిన విశ్లేషణలో, పెరుగుదల వేగం తగ్గుతున్నా ఆగలేదనీ, పై హద్దు లేని గణిత సూత్రమే ఆ దత్తాంశానికి బాగా సరిపోతుందనీ తేలింది. ఎప్పటికీ శిఖరం చేరని ఆరోహణ ఇలాగే కనిపిస్తుంది.

రెండో ప్రయోగం మన ఆసుపత్రులకు దగ్గరిది. సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పేరు చాలా కుటుంబాలకు తెలుసు. టెమ్-1 అనే బాక్టీరియా ఎంజైముకు చెందిన జన్యువులో ఐదు మార్పులు కలిసి వస్తే ఆ మందును తట్టుకునే శక్తి సుమారు లక్ష రెట్లు పెరుగుతుంది. ఐదు మార్పులను ఒకదాని తరువాత ఒకటిగా 120 వరుసలలో చేయవచ్చు. డేనియల్ వైన్‌రైక్, సహచరులు 2006లో పరిశీలించి చూస్తే, ప్రతి అడుగులోనూ నిరోధకత పెరిగే వరుసలు 18 మాత్రమేనని తెలిసింది. కారణం ఆసక్తికరమైనది. 238వ స్థానంలోని మార్పు ఎంజైముకు మందును ఛేదించే శక్తి పెంచుతూనే, దాని నిర్మాణాన్ని కొంత బలహీనపరుస్తుంది. 182వ స్థానంలోని మార్పు ఆ బలహీనతను సరిదిద్దుతుంది. కానీ అది ముందే వస్తే సరిదిద్దడానికి ఏమీ ఉండదు కనుక ప్రయోజనం కనిపించదు. జన్యువుల ముడి అంటే ఇదే. ముందు వచ్చేది ఏదో, తరువాత వచ్చేది ఏదో తెలిస్తే మందుల క్రమాన్ని ఆలోచించి నిర్ణయించే అవకాశం కూడా ఉంటుంది.

లైంగిక పునరుత్పత్తి వల్ల లాభమేమిటో ఈ సిద్ధాంతం చెప్పగలదా?

ఇక్కడ వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి. లైంగిక పునరుత్పత్తి మంచి జన్యు కలయికలను తరతరానికీ విడగొడుతుంది, అయినా ప్రకృతిలో సర్వత్రా ఉంది. చాస్టెయిన్, లివ్నాట్, పపడిమిట్రియు, ఉమేశ్ వజిరానీ 2014లో ఒక సమాధానం సూచించారు. వరణం బలహీనంగా ఉన్నప్పుడు, ప్రతి జన్యు స్థానమూ ఒక ఆటగాడిగా, దాని యుగ్మవికల్పాలు (ఒకే జన్యువుకున్న వేర్వేరు రూపాలు) ఆ ఆటగాడి ఎత్తులుగా, జీవి ఫిట్‌నెస్ అందరికీ ఉమ్మడి లాభంగా చూస్తే, ఆ ఆటగాళ్లు మల్టిప్లికేటివ్ వెయిట్స్ అనే ప్రసిద్ధ అల్గారిథంను (లాభించిన ఎత్తుకు ప్రతిసారీ ప్రాధాన్యం పెంచే పద్ధతిని) అనుసరిస్తున్నట్టే సమీకరణాలు వస్తాయి. ఆ అల్గారిథం లాభంతో పాటు వైవిధ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది కనుక, జన్యు వైవిధ్యం ఎందుకు నిలుస్తుందో ఇది వివరిస్తుందని వారి భావన.

నాకు ఈ పోలిక అందంగా కనిపిస్తుంది కానీ ముగింపు పూర్తిగా ఒప్పించదు. అలైంగికంగా వృద్ధి చెందే జీవుల సమీకరణం కూడా అదే అల్గారిథం రూపంలో ఉంటుంది. కాబట్టి ఆ రూపం ఒక్కటే లైంగికతకు ప్రత్యేకమైన లాభాన్ని చూపదు. పైగా మెహతా, పనాగియాస్, పిలియూరాస్ 2015లో అదే తరహా నమూనాలో, చివరికి దాదాపు ఎప్పుడూ ఒక్క రకమే మిగులుతుందని నిరూపించారు. వరుణ్ కనాడె 2011లో వాలియంట్ నమూనాలోనే జన్యు పునఃసంయోజనను (తల్లిదండ్రుల జన్యువులు కలగలవడాన్ని) చేర్చి, కొన్ని సందర్భాలలో అవసరమైన తరాల సంఖ్య గణనీయంగా తగ్గుతుందని చూపాడు. సమాంతర గణనతో పోల్చదగిన ఈ ఫలితం నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

జాతుల వంశవృక్షాలు గీయడం కూడా ఇందులో భాగమేనా?

అది పరిణామం ఎలా నడిచిందో తిరిగి ఊహించే సమస్య, పరిణామం శక్తిని కొలిచే సమస్య కాదు. పది జాతులకే మూలంతో కూడిన 3,44,59,425 వేర్వేరు శాఖా వృక్షాలు సాధ్యం. వాటిలో ఉత్తమమైనదాన్ని ఎంచడం, వాడుకలో ఉన్న ముఖ్యమైన ప్రమాణాల ప్రకారం ఎన్‌పీ-కఠినమని, అంటే వేగవంతమైన పద్ధతి ఏదీ తెలియని రకమని, నిరూపితమైంది.

కంప్యూటర్ శాస్త్రం ఎప్పుడూ అధ్వాన్న సందర్భాన్నే లెక్కిస్తుంది. ప్రకృతి అంత కక్షగట్టి ఉంటుందా?

ఈ విమర్శలో బలముంది, దీన్ని తేలికగా కొట్టేయకూడదు. కఠినమైన నేల ఒకటి ఉందని నిరూపించినంత మాత్రాన, నిజమైన జీవులు ఆ నేల మీదే నడుస్తున్నాయని కాదు. వాలియంట్ నమూనాలో పరిసరాలు మారవు, జనాభా సూక్ష్మ వివరాలు ఉండవు. టెమ్-1లో చూసింది ఐదు మార్పులను. మొత్తం జన్యుసంపుటిలో ముడులు ఎంత దట్టంగా ఉన్నాయో కొలవడం ప్రయోగాలు చేసేవారి వల్లనే అవుతుంది.

అయినా అసాధ్యతా నిరూపణలకు ఒక ఉపయోగం ఉంది. కళ్ల ముందు ఒక సంక్లిష్టమైన అవయవం ఉందంటే, అది ఏర్పడిన నేల కఠినమైన రకం కాదని నిర్ధారణగా చెప్పవచ్చు. అప్పుడు దాన్ని సులభం చేసిన అంశమేమిటో వెతకాలి. చటర్జీ, పావ్లోగియానిస్, ఆడ్లమ్, నోవాక్ 2014లో చేసినది ఇదే. కొత్త పని చేసే జన్యుక్రమం వెతుకులాటకు సాధారణంగా ఘాతాంక కాలం పడుతుందని మొదట చూపి, మంచి ఆరంభ స్థానం పదేపదే కొత్తగా పుడుతూ ఉంటే బహుపది కాలం చాలునని నిరూపించారు. జన్యువు రెట్టింపు కావడం అనే సుపరిచిత ప్రక్రియ అలాంటి ఆరంభ స్థానాలను ఇస్తుంది.

ఈ ఆలోచనకు భారతదేశంతో ఏదైనా సంబంధం ఉందా?

పరిణామ వేగాన్ని అంకెలలో కొలవాలన్న పట్టుదల కంప్యూటర్ల కన్నా పాతది. జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో, అంటే ఆయన కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చిన ఏడాదే, ఒక జన్యువు స్థానంలో మెరుగైనది పూర్తిగా స్థిరపడడానికి సగటున 300 తరాలు పడుతుందని అంచనా కట్టాడు. ఆ అంచనా వెనుకనున్న ఊహలను తరువాతివారు సవరించారు, కానీ ప్రశ్న వేసిన తీరు నేటికీ చెల్లుతుంది. ఆ వ్యాసం వెలువడిన జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌ను ఇప్పుడు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ ప్రచురిస్తోంది. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో మరణించాక, ఆయన కోరిక మేరకు దేహాన్ని మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

బెంగళూరులో ఉంటూ దీన్ని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంజనీరింగ్ చదివినవారు ముందుగా జనాభా జన్యుశాస్త్రం ప్రాథమిక పుస్తకం ఒకటి పూర్తిచేయడం మంచిది. వరణం, జన్యు విస్థాపనం (యాదృచ్ఛికంగా జన్యువుల నిష్పత్తి మారడం), పునఃసంయోజన తెలియకుండా నేరుగా వాలియంట్ వ్యాసం చదివితే జీవశాస్త్రమంతా ప్రమేయాలే అన్న అపోహ కలుగుతుంది. జీవశాస్త్ర విద్యార్థులు అల్గారిథంల విశ్లేషణ, సంభావ్యత నేర్చుకోవాలి; వాటికి ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం. భారతీయ విజ్ఞాన సంస్థలో జీవావరణ శాస్త్రాల కేంద్రం, కంప్యూటర్ సైన్స్ విభాగం రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో బాక్టీరియా పరిణామం మీద, జక్కూరులోని పరిశోధనా సంస్థ జేఎన్‌సీఏఎస్ఆర్‌లో పండ్ల ఈగల పరిణామం మీద పని జరుగుతోంది. ఈ సంస్థల బహిరంగ ఉపన్యాసాల వివరాలు వాటి వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. ఉద్యోగం చేస్తూ వారాంతంలో ఒక్క వ్యాసమే చదవగలిగే వీలుంటే, టెమ్-1 మీది 2006 నాటి వ్యాసంతో మొదలుపెట్టండి: అది చిన్నది, అందులోని లెక్కలు కాగితం మీద చేసుకోగలిగినవి, 120 వరుసలనూ సొంతంగా ప్రోగ్రాం రాసి ఒక సాయంత్రంలో సరిచూసుకోవచ్చు.